కత్తి అంచున వెలుగు

నిన్న సాయంత్రం వెంట్రుకను గాలిలోనే తెగ్గొట్టిన కత్తి, ఈ పొద్దున చూస్తే చచ్చిపడి ఉంది.

పిచ్చుక నమ్మలేదు. జడలోంచి ఇంకో వెంట్రుక లాగి, కొసను రెండు వేళ్లతో పట్టుకుని అంచుకు ఆనించింది. వెంట్రుక వంగింది, జారింది, ఏమీ జరగనట్టు అవతలికి వెళ్లిపోయింది. కత్తిని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులోకి ఎత్తింది. పదునైన అంచు మీద వెలుగు నిలవదు, నిలవడానికి చోటుండదు. ఈ అంచు పొడుగునా మాత్రం సన్నటి తెల్లటి గీత మెరుస్తోంది, మంచులో దూరంగా కనిపించే రైలు పట్టాలా.

గురువారం వచ్చేసింది. ఆదివారం మధ్యాహ్నానికి గడువు.

గడువు పెట్టింది నాన్న. నలభై ఏళ్లుగా ఈ షాపులో కిటికీ పక్క కుర్చీలో గడ్డాలు గీసిన మనిషి. మడతకత్తితో గీసేవాడు ఈ చుట్టుపక్కల ఆయనొక్కడే మిగిలాడు. నిరుటి నుంచి ఆయన కుడిచేయి వణుకుతోంది. కత్తెరకు ఆ వణుకు పెద్ద అడ్డు కాదు, దువ్వెన కాపాడుతుంది. మడతకత్తికి మాత్రం కాపాడేవాళ్లెవరూ ఉండరు. అటు గొంతు, ఇటు చేయి, మధ్యలో ఆ అంచు, అంతే. అందుకే ఒకరోజు ఆయన కుర్చీ మీద తెల్లగుడ్డ కప్పి, "ఇంక అయిపోయింది" అన్నాడు.

"నేను నేర్చుకుంటా నాన్నా," అంది కూతురు.

ఆమెకు ముప్ఫై ఆరేళ్లు. మనిషి చిన్నది, నడక గెంతినట్టుంటుంది, అందుకని పుట్టిన ఏడాదికే నాన్న పిచ్చుక అని పిలిచాడు. ఆ పేరే అంటుకుపోయింది. పదిహేనేళ్లుగా షాపులో పిల్లలకూ ఆడవాళ్లకూ జుట్టు కత్తిరిస్తోంది. కానీ ఆమెకు చిన్నప్పటి నుంచీ చెవుల్లో ఉన్నది కత్తెర చప్పుడు కాదు. కత్తి చెంప మీద దిగుతున్నప్పుడు వచ్చే ఆ చిన్న కరకర. ఎండుటాకు మీద చీమలు నడిస్తే వినపడేటంత చప్పుడు. మధ్యాహ్నం నిద్రలో కూడా అది వినపడేది. ఆ చప్పుడు ఈ ఇంట్లో ఆగిపోవడం ఆమెకు ఇష్టం లేదు.

నాన్న ఒప్పుకున్నాడు గానీ తన పద్ధతిలో. మొదటి నెలంతా బుడగ. గాలి ఊదిన బుడగకు నురగ పూసి, పగలకుండా గీయాలి. మొదటి వారంలో నలభై బుడగలు పేలాయి, షాపు ముందు నడిచేవాళ్లు నలభైసార్లు ఉలిక్కిపడ్డారు. రెండో నెల తోలుపట్టీ. కత్తిని పట్టీ మీద వెన్ను ముందుగా లాగాలి, చివర తిప్పేటప్పుడు వెన్ను మీదే తిప్పాలి. అంచు మీద తిప్పితే పదును మడతపడిపోతుంది. మూడో నెల నుంచి మనిషి మొహం, అదీ ఒకే ఒక్క మొహం. "ఒక మొహాన్ని మొత్తం చదివాకే రెండో మొహం. అప్పటిదాకా ఇంకొకళ్ల గడ్డం ముట్టుకోకు," అన్నాడు నాన్న.

ఆ మొహం ఇస్తానని ముందుకొచ్చింది ఆమె భర్త.

"నా మొహం ఉందిగా మావయ్య గారూ! ఖాళీగానే ఉంది!" అన్నాడు ఛాతీ విరుచుకుని. అతను బస్సు డ్రైవరు. కళ్లు పొడుచుకున్నా కనిపించని మంచులో యాభై మందిని ఎక్కించుకుని కొండమలుపులు తిప్పే మనిషి. ఒక్కసారి కూడా బస్సుకు గీత పడనివ్వలేదు.

అతని మొహం మీద మాత్రం ఈ మూడు వారాల్లో పదకొండు గీతలు పడ్డాయి. ఏడుసార్లు గడ్డం గీసింది, ఏడుసార్లూ రక్తం వచ్చింది. కత్తి దిగదు, పట్టుకుని లాగుతుంది, ఆమె కొంచెం నొక్కుతుంది, అది ఉన్నట్టుండి జారుతుంది. తర్వాత నాన్న అంచును చూసి తల అడ్డంగా ఊపేవాడు. "పట్టీ మీద అంచు తిప్పేస్తున్నావే తల్లీ. పదునంతా చంపేస్తున్నావు."

బస్సులో ఎవరో అడిగారట, "డ్రైవరు గారూ, ఇంట్లో పిల్లిని పెంచుతున్నారా?" అని.

"లేదండీ, పిచ్చుకని," అన్నాడట అతను.

మొన్న మంగళవారం ఏడో గడ్డం. ఆ రోజు దవడ కింద తెగింది, చాలాసేపు కారింది. పిచ్చుక వెనక గదిలోకి వెళ్లి తన కుడిచేతిని తనే కొట్టుకుని ఏడ్చింది. నాన్న తలుపు దగ్గర నిలబడి నెమ్మదిగా చెప్పాడు. "ఆదివారం చూద్దాం. ఒక్క చుక్క రాకుండా గీస్తే కుర్చీ నీది. వస్తే కత్తి పెట్టెలో పెట్టి తాళం వేసేస్తా. నువ్వు కత్తెరతో హాయిగా బతుకు."

నిన్న బుధవారం ఆయనే సానరాయి మీద కత్తి పెట్టాడు. రాయి మీద బల్లపరుపుగా ఆనితే ఆయన చేయి కూడా వణకదు. తర్వాత పక్కనే నిలబడి కూతురి చేత పట్టీ మీద అరవైసార్లు లాగించాడు. "ఆఁ, ఇప్పుడు తిప్పావు చూడు, అలా!" అన్నాడు. ఆయన చూస్తుండగానే వెంట్రుక రెండు ముక్కలైంది. ఆపైన ఆయన అలవాటు ప్రకారం కత్తిని విప్పి, మెత్తటి గుడ్డ మీద, అద్దం కింద అరలో పడుకోబెట్టారు. సానపట్టిన కత్తిని ఒక రాత్రి నిద్రపోనివ్వకుండా వాడకూడదని ఆయన నమ్మకం.

మామూలుగా అయితే మర్నాడు సాయంత్రం దాకా ఆమె దాన్ని ముట్టుకోదు. ఇవాళ మాత్రం ఆ వెంట్రుక తెగిన ముచ్చట మళ్లీ చూసుకుందామని నిద్ర లేస్తూనే వచ్చింది. అందుకే తెలిసింది.

అంటే తప్పు తన చేతిది కాదు. కత్తికి కాళ్లు లేవు. చీకట్లో దాని దగ్గరికి ఎవరో వచ్చారు.

షాపు తలుపు లోపలి నుంచి గడియ వేసే ఉంది. షాపు వెనకే ఉన్న ఇంట్లో ఉండేది ముగ్గురే. పై గదిలో అద్దెకుండే వాచీల మాస్టారు నిన్న పొద్దున్నే చెల్లెలి ఊరికి వెళ్లాడు. ఆయన్ని పక్కన బెడితే మిగిలింది తను, నాన్న, భర్త.

ఆ పగలంతా ఆమె నిద్రలో నడిచినట్టే నడిచింది. షాపులో ఎదురెదురుగా రెండు అద్దాలున్నాయి. వాటి మధ్య నిలబడితే ఒక పిచ్చుక వెనక ఇంకో పిచ్చుక, దాని వెనక ఇంకోటి, పోనుపోను చిన్నవై, ఆకుపచ్చ నీళ్ల అడుగుకు దిగిపోతున్నట్టు కనిపిస్తారు. వాళ్లందరిలో ఒకతె నిద్రలో లేచి వచ్చి తన కత్తిని తనే పాడుచేసిందేమో అని కూడా అనిపించింది. ఎవరి జుట్టో కత్తిరిస్తూ అద్దంలోకి చూసి, చిట్టచివరి పిచ్చుక కదలకుండా తననే చూస్తోందనుకుంది.

సాయంత్రం భర్త డ్యూటీ దిగి వచ్చాడు. వస్తూనే కుర్చీ వైపు ఓ చూపు చూసి, "ఇవాళ ఉందా మనకి?" అన్నాడు.

"లేదండీ. ఆదివారమే."

"అయ్యో, నేను రెడీగా ఉన్నానే," అన్నాడు గానీ, అంత హుషారుగా టీ పెట్టుకోవడం ఆమె ఈమధ్య చూడలేదు.

శుక్రవారం వాచీల మాస్టారు తిరిగొచ్చాడు. పిచ్చుక కత్తిని గుడ్డలో చుట్టుకుని మెట్లెక్కింది. ఆయన గదిలో గోడల నిండా గడియారాలు, ఏ రెండూ ఒకే టైము చూపించవు. అన్నీ కలిసి సన్నటి వానలా చప్పుడు చేస్తుంటాయి. మాస్టారు కంటికి భూతద్దం తగిలించుకుని అంచు మీదకు వంగాడు.

"అమ్మాయ్, ఇది తోలు మీద మడిచిన అంచు కాదు. తోలు మీదైతే అక్కడక్కడా వంగుతుంది. ఇది ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకే లెక్కన నలిగింది. గట్టి దేని మీదో అడ్డంగా లాగారు. ఒక్కసారే, తీరిగ్గా."

"పొరపాటున తగిలి ఉండొచ్చా?"

"పొరపాటుకి ఇంత ఓపిక ఉండదు." ఆయన భూతద్దం తీసి కళ్లు తుడుచుకున్నాడు. "మీ నాన్నకి చూపించావా?"

"లేదు."

"పోనీలే. ఆయనకీ మనసు బాలేదు. మొన్న మంగళవారం బల్ల మీద కూర్చుని, 'ఇది నా చేత్తోనే ఆగిపోతే మంచిదేమో మాస్టారూ' అన్నాడు."

మెట్లు దిగుతుంటే ఆమెకు ఆ మాటే మళ్లీ మళ్లీ వినపడింది. నా చేత్తోనే ఆగిపోతే మంచిది. వెంట్రుక తెగినప్పుడు నాన్న మొహంలో కనిపించిన సంతోషం అబద్ధమా? కత్తికి సానపట్టిన చేయే తెల్లవారుజామున వచ్చి దాన్ని చంపుతోందా? కింద నాన్న కిటికీ పక్కన కూర్చుని తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని ఉన్నాడు, పట్టుకున్న పిట్ట ఎగిరిపోతుందేమో అన్నట్టు. ఆయన్ని అడగడానికి ఆమెకు నోరు రాలేదు. కాదంటే నమ్మలేదు, ఔనంటే తట్టుకోలేదు.

అడక్కుండా తెలుసుకోవాలి. అంతకన్నా ముందు కత్తిని కాపాడుకోవాలి.

శనివారం సాయంత్రం నాన్న మళ్లీ సానపట్టాడు. అంచు చూసి ముఖం చిట్లించాడు. ఆమె పట్టీ మీద లాగింది. వెంట్రుక తెగింది. అందరూ చూస్తుండగా కత్తిని అరలో పెట్టింది. అందరూ భోజనానికి లేచాక వెనక్కి వచ్చి, ఆ కత్తిని మడిచి జాకెట్టులో దోపుకుంది. దాని చోట అలాంటి నల్లపిడే ఉన్న ఇంకో పాత కత్తిని విప్పి పెట్టింది. ఎప్పుడో పారెయ్యాల్సిన కత్తి అది. దాని అంచు పొడుగునా వేలికొసతో సబ్బు నురగ సన్నగా రాసింది. ఆరితే తెల్లటి దారంలా ఉంటుంది, ముట్టుకుంటే రాలిపోతుంది.

అసలు కత్తిని పాత సాక్సులో పెట్టి దిండు కింద దాచుకుని పడుకుంది. కల వచ్చింది. కనుచూపు మేర తెల్లటి నురగ మైదానం. దాని మీద ఎవరో చెప్పుల్లేకుండా నడుస్తున్నారు. అడుగు పడ్డచోటల్లా నున్నటి చర్మం బయటపడి ఊపిరి తీసుకుంటోంది. నడిచేవాళ్లు వెనక్కి తిరిగితే మొహం చూద్దామని ఆమె ఎదురుచూసింది. వాళ్లు తిరగలేదు. మైదానం చివర గొంతుముడి ఒక చిన్న కొండలా మెల్లగా పైకి లేచి, కిందికి దిగింది.

మెలకువ వచ్చేసరికి కిటికీ బూడిద రంగులో ఉంది. భర్త పక్కన లేడు. మొదటి బస్సుకు పోయేవాడికి సెలవురోజున కూడా ఆ వేళకే మెలకువ వస్తుంది, వంటింట్లో నీళ్ల చప్పుడు అవుతోంది. నాన్న దగ్గు కూడా వినిపించింది, ఆయనా లేచే ఉన్నాడు. పిచ్చుక అర దగ్గరికి వెళ్లింది.

అంచు మీద తెల్లదారం లేదు. కింద గుడ్డ మీద సబ్బు పొడి రాలి ఉంది.

మధ్యాహ్నం షాపుకు లోపల్నుంచి గడియ పెట్టారు. నాన్న బల్ల మీద కూర్చున్నాడు, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని. వాచీల మాస్టారు సాక్షిగా ఓ మూల. భర్త కుర్చీలో వెనక్కి వాలాడు. ఐదు రోజుల గడ్డం.

"మావయ్య గారూ, నాకేమన్నా అయితే బస్సు తాళాలు మేకుకి ఉన్నాయి," అన్నాడు.

"నోర్ముయ్యి అల్లుడూ, దవడ కదుల్తుంది," అన్నాడు నాన్న.

పిచ్చుక వేడినీళ్లలో తువ్వాలు ముంచి పిండి, అతని మొహం మీద పరిచింది. ఆవిరి లేచింది. రెండు అద్దాలూ మసకబారాయి. వెనక ఉన్న పిచ్చుకలంతా ఒక్కొక్కరే మాయమై ఆమె ఒక్కతే మిగిలింది. తువ్వాలు తీసి, బ్రష్షుతో నురగను గుండ్రంగా తిప్పుతూ పూసింది. తెలిసిన మొహం కరిగిపోయి, ఎవరిదీ కాని తెల్లటి మొహం వచ్చింది. ఆమె అరలో ఉన్న కత్తిని తీసుకున్నట్టే చేయి చాచి, వాళ్లకు వీపు పెట్టి, జాకెట్టులోంచి అసలు కత్తిని తీసింది.

తిరిగేసరికి ఇద్దరి మొహాలూ చూసింది. నాన్న ఊపిరి బిగబట్టి ఉన్నాడు. భర్త కళ్లు మూసుకుని, చిన్నపిల్లాడిలా నిశ్చింతగా నవ్వుకుంటున్నాడు.

ఎడమచేత్తో చెంపను చెవి వైపు లాగి పట్టుకుంది. కత్తి వెన్నుకూ చర్మానికీ మధ్య రెండు రూపాయి బిళ్లలు దూరేంత సందు. మణికట్టు కదలకూడదు, మోచేయి కదలాలి. నొక్కకూడదు. కత్తి బరువే కత్తికి చాలు. ఇవన్నీ మూడు నెలలుగా పాఠంలా వల్లించినవే, ఇప్పుడు ఏవీ గుర్తురాలేదు. కత్తి దిగింది.

కరకర.

ఆ చప్పుడు! ఎండుటాకు, చీమలు. కత్తి ఎక్కడా పట్టుకోలేదు, లాగలేదు. నిండుగా ఉన్న ఏట్లో తెడ్డు లేకుండా పడవ పోయినట్టు పోయింది. వెనక నున్నటి దారి మిగిలింది. ఆమె చేసిందల్లా దాని వెంట వెళ్లడం. వెంట్రుక పడుకున్న వైపే, చిన్నచిన్న అడుగులు, ఒక్కో అడుగుకూ కత్తి తుడవడం. ఎడమ దవడ కింద వెంట్రుకలు సుడి తిరిగి పక్కకు పెరుగుతాయి, ఏడుసార్లూ అక్కడే తెగింది. అక్కడికి వచ్చేసరికి ఆమె కాస్త ఆగి, కత్తిని అడ్డంగా తిప్పింది. సుడి విడిపోయింది. గడ్డం కొస, చర్మం కిందే ఎముక గట్టిగా తగిలేచోట, కత్తిని ఇంకా తేలిక చేసింది. పైపెదవి. చివరికి గొంతు. గొంతుముడి ఒక్కసారి పైకి లేచి దిగింది. ఆమె అది దిగేదాకా ఆగి, పక్కకు జరిపి, దాటిపోయింది. ఎంతసేపైందో ఎవరికీ తెలియలేదు. వాచీల మాస్టారు కూడా గడియారం చూడలేదు.

తడిగుడ్డతో తుడిచింది. నాన్న లేచి వచ్చాడు. వణికే చేత్తోనే పటిక ముక్కను తడిపి అల్లుడి మొహమంతా రుద్దాడు. ఎక్కడన్నా కంటికి కనపడనంత గాటున్నా పటిక భగ్గుమని మండుతుంది.

"మండుతోందా?"

"లేదు."

"ఇక్కడ? సుడి దగ్గర?"

"చల్లగా ఉంది మావయ్య గారూ."

నాన్న ఆ చెంప మీద అరచేయి ఆనించి అలాగే ఉండిపోయాడు. తర్వాత కుర్చీ వీపు మీద మడిచి ఉన్న తెల్లగుడ్డను తీసి కూతురి భుజం మీద వేశాడు. "నాతోనే ఆగిపోతే మంచిదనుకున్నానే, నువ్వు ఏడుస్తుంటే చూడలేక. కుర్చీ నీదే," అన్నాడు, ముక్కు ఎగబీల్చుకుంటూ.

ఆ మాటతో పిచ్చుక గుండెల మీది బండ దిగింది. మిగిలింది ఒక్కడే. కుర్చీలో వాలి, బుగ్గలు తడుముకుంటూ మురిసిపోతున్నాడు.

"ఏమండీ, ఈ కత్తి రాత్రి నా దిండు కింద ఉంది. మీరు తెల్లారగట్ల అరలో ముట్టుకున్నది పాత కత్తి."

అతని చేయి చెంప మీదే ఆగింది.

"అంటే... ఇందాక నా గొంతు మీద తిరిగింది..."

పిచ్చుక జడలోంచి వెంట్రుక లాగి అంచుకు ఆనించింది. అది రెండు ముక్కలై ఒక ముక్క అతని ఒళ్లో పడింది. అతను దాన్ని చూశాడు. రక్తమంతా మొహంలోంచి కాళ్లలోకి దిగిపోయింది.

"ఎందుకు చేశారు?" అంది ఆమె. గొంతులో కోపం ఉంది, అంతకన్నా ఎక్కువ ఆశ్చర్యం ఉంది.

"భయమేసింది," అన్నాడు అతను. "ఏం చెయ్యను మరి? నా మొహం తీసుకో అని మావయ్య గారి ముందు పెద్ద మగాడిలా అనేశా. మొదటిరోజు మీరిద్దరూ వెంట్రుక కోసి మురిసిపోతుంటే నా కాళ్లు చల్లబడిపోయాయి. బస్సుకి బ్రేకుంటుంది, దీనికేముంది చెప్పు? తెల్లారగట్ల టీ తాగి, గాజు గ్లాసు అంచు మీద ఒక్కసారి అలా లాగా. పదును పోతే తెగదు కదా, నువ్వెంత తిప్పినా నాకేం కాదనుకున్నా. అయినా తెగింది. సరిగ్గా లాగలేదేమో అనుకుని తర్వాతిసారి ఇంకొంచెం గట్టిగా లాగా. ఇంకా ఎక్కువ తెగింది! మొద్దుకత్తే తెగుతుందని నాకెవరు చెప్పారు? మంగళవారం నువ్వు ఆ గదిలో నీ చేతిని నువ్వు కొట్టుకుంటుంటే గోడ అవతల నిలబడి విన్నా. చెప్పేద్దామనే వచ్చా, ఒట్టు. గడప దాకా వచ్చా. నోరు పెగల్లేదు. ఇవాళ పొద్దున కత్తి మీద సబ్బు కనిపిస్తే, పాపం కంగారులో తుడవడం మర్చిపోయింది, ఇవాళ దీని చేయి మరీ వణుకుతుంది అనుకుని... రెండుసార్లు లాగా."